వినడం ఆపని పియానో విద్వాంసురాలు

సభకు నమస్కారం.

నేను పిల్లలకు కీబోర్డు నేర్పుతాను. కొత్తగా చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులు మొట్టమొదట అడిగేది ఎప్పుడూ ఒకటే: "ఎన్నాళ్లకు పాట వాయిస్తుందండీ?" ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఇంకో తల్లి గుర్తొస్తుంది. ఆమె ఇంట్లో కాలితో తొక్కే పాత హార్మోనియం లాంటి ఆర్గన్ ఒకటి ఉండేది. మూడేళ్ల కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని వాయించుకునేది. ఒకరోజు ఆ పిల్ల చేతులు చాచి, అమ్మ అప్పుడే వాయించిన ముక్కను తిరిగి వాయించింది. తల్లి అదిరిపడి పిల్లను అక్కడే వదిలేసి, ఇరుగుపొరుగును పిలుచుకురావడానికి పరిగెత్తింది.

ఆ తర్వాత ఆ తల్లి చేసిన పని నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. పిల్లను ఏ మాస్టారి దగ్గరా చేర్చలేదు. తను చిన్నప్పుడు పద్ధతిగా నేర్చుకుంది. నేర్చుకున్నాక కాగితం లేకుండా, సొంతంగా ఒక్క ముక్క కూడా వాయించలేకపోయింది. కూతురికి ఆ గతి పట్టకూడదనుకుంది. మాస్టారికి బదులు, ఊళ్లో వాయించుకుని బతికే వాళ్లను ఇంటికి పిలిచి, "మీరు వాయించండి, ఇది వింటుంది" అంది.

ఆ పిల్లే అమెరికా జాజ్ పియానో విద్వాంసురాలు మేరీ లూ విలియమ్స్. 1910 మే 8న అట్లాంటాలో పుట్టింది, పిట్స్‌బర్గ్‌లో పెరిగింది. ఒక టీచరుగా ఆ తల్లి నిర్ణయం నాకు మింగుడు పడదు. కానీ ఆమె జీవితమంతా చదివాక, ఆ తల్లి ఇచ్చింది ఏమిటో అర్థమైంది. ఆ పిల్లకు ముందు చెవి వచ్చింది, వేళ్లు తర్వాత వచ్చాయి. డెబ్భై ఒక్క ఏళ్ల జీవితంలో ఆ చెవి మూసుకోలేదు. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

జాజ్ కొత్తవాళ్లకు ఒక్క మాట. కచేరీలో కృతి అయ్యాక విద్వాంసుడు కల్పనస్వరాలు అందుకుంటాడు కదా. అక్కడ ముందే రాసుకున్నది ఏమీ ఉండదు. తాళం లోపల ఉంటూ, రాగం చెడకుండా, అప్పటికప్పుడు పుట్టించాలి. జాజ్‌లో కూడా ఒక పాటను ఆధారం చేసుకుని ఇలాగే పుట్టిస్తారు. తేడా ఏమిటంటే, వాళ్లకు రాగం స్థానంలో హార్మొనీ ఉంటుంది, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు ఒకదాని వెనక ఒకటి నడిచే వరస.

పిట్స్‌బర్గ్‌లో వాళ్లది తెల్లవాళ్ల మధ్య నల్లజాతి కుటుంబం. ఇంటి మీద ఇటుకలు విసిరేవారు. పిల్ల పియానో పేరు వాడలో పాకాక, అదే ఇరుగుపొరుగు తమ ఇళ్లకు పిలిచి వాయించమన్నారు. ఇటుకలు ఆగాయి. సవతి తండ్రి ఫ్లెచర్ బర్లీకి ఆమె అంటే ప్రాణం. పెద్ద కోటు కింద దాచి జూదమాడే చోట్లకు తీసుకెళ్లేవాడు. అక్కడ పియానో ముందు కూర్చోబెట్టి, టోపీ తిప్పి డబ్బులు పోగుచేసేవాడు. ఏడెనిమిదేళ్లకే ఊరంతా ఆమెను "చిన్న పియానో పిల్ల" అనేది. పదిహేను దాటేసరికి ఊరూరా తిరిగే వినోద బృందాల్లో ఉంది. ఆ దారిలోనే సాక్సఫోన్ వాయించే జాన్ విలియమ్స్‌తో పెళ్లయింది.

ఆ భర్త ఆండీ కిర్క్ అనే ఆయన బ్యాండులో చేరాడు. బ్యాండులో పియానోకు వేరే మనిషి ఉన్నాడు కాబట్టి ఈమెకు చోటు లేదు. కొన్నాళ్లు శవాలను తీసుకెళ్లే బండి నడిపింది. బ్యాండు రికార్డు ఇవ్వబోతున్న రోజున అసలు పియానిస్టు రాకపోవడంతో ఈమెను కూర్చోబెట్టారు. అప్పుడు తెలిసింది బ్యాండుకు, తమ దగ్గర ఎవరున్నారో.

అప్పటికి ఆమెకు స్వరలిపి రాయడం రాదు. తల నిండా కొత్త కూర్పులున్నాయి: ఇక్కడ ట్రంపెట్లు ఇలా రావాలి, అక్కడ సాక్సఫోన్లు ఇలా జవాబివ్వాలి అని. కిర్క్ పక్కన కూర్చుని ఆమె వాయిస్తుంటే రాసిపెట్టేవాడు. ఆయన చెయ్యి ఆమె ఆలోచన వేగాన్ని అందుకోలేకపోయింది. దాంతో ఆయన దగ్గరే రాత నేర్చుకుంది. తల్లి వద్దన్న చదువు, అవసరమైన రోజున తానే వెతుక్కుంది. నా వృత్తికి నేను చెప్పుకునే ఊరట కూడా ఇదే.

అప్పుడు బ్యాండు ఉన్న ఊరు కాన్సాస్ సిటీ. దేశమంతా మద్యనిషేధం, ఆ వెంటనే ఆర్థిక మాంద్యం. కానీ టామ్ పెండర్‌గాస్ట్ అనే రాజకీయ నాయకుడి గుప్పిట్లో ఉన్న ఆ ఊళ్లో మాత్రం క్లబ్బులు తెల్లవార్లూ నడిచేవి. క్లబ్బులు నడిస్తే వాయించేవాళ్లకు పని ఉంటుంది. దేశం నలుమూలల నుంచీ అక్కడ చేరారు. ఒక రాత్రి జరిగిన సంగతి ఆమే తర్వాత చెప్పింది. తెల్లవారుజామున నాలుగింటికి కిటికీ మీద టకటకమని చప్పుడు. చూస్తే సాక్సఫోన్ కళాకారుడు బెన్ వెబ్‌స్టర్. త్వరగా లేచి రమ్మన్నాడు. న్యూయార్క్ నుంచి కోల్‌మన్ హాకిన్స్ వచ్చాడు, పోటీ మొదలైంది, పియానోలు వాయించేవాళ్లందరూ అలసిపోయారు. ఆమె వెళ్లేసరికి హాకిన్స్ చొక్కా విప్పేసి వాయిస్తున్నాడు. దేశంలో అందరికంటే మేటి అనిపించుకున్న ఆయన్ను ఊళ్లోని సాక్సఫోన్ వాళ్లు వెబ్‌స్టర్, లెస్టర్ యంగ్, హెర్షెల్ ఎవన్స్ కలిసి తెల్లారేదాకా వదల్లేదు. అంతమందికీ అలసట వచ్చాక పిలిపించుకున్నది ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల అమ్మాయిని. ఆమె స్థాయి ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం కనిపించలేదు.

పన్నెండేళ్లకు పైగా ఆ బ్యాండుకు ప్రాణం ఆమే. "ఫ్రాగీ బాటమ్", "వాకిన్ అండ్ స్వింగిన్", "మేరీస్ ఐడియా" ఆమె చేతిలో పుట్టినవే. 1937లో పేరుమోసిన బ్యాండు నాయకుడు బెన్నీ గుడ్‌మన్ కోసం "రోల్ ఎమ్" రాస్తే అది దేశమంతా మోగింది. తనకు ఒక్కడికే రాయాలని గుడ్‌మన్ అడిగితే కుదరదంది. డ్యూక్ ఎల్లింగ్టన్, ఎర్ల్ హైన్స్, టామీ డార్సీ లాంటి బ్యాండు నాయకులందరికీ రాసింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటికి వస్తున్నాను.

1940ల మొదట్లో న్యూయార్క్‌లో కొందరు కుర్రాళ్లు జాజ్‌ను తలకిందులు చేస్తున్నారు. వేగం విపరీతం. అపస్వరం అనిపించే స్వరాలు. డాన్సుకు పనికిరాని లయ. ఆ సంగీతానికే తర్వాత బీబాప్ అని పేరొచ్చింది. పేరున్న పెద్దవాళ్లు చాలామంది చెవులు మూసుకున్నారు, కొందరు పత్రికల్లో తిట్టారు కూడా. మన దగ్గర మాత్రం అలా ఉండమా? ఇరవై ఏళ్ల వయసులో విన్న పాటలే పాటలు, ఆ తర్వాత వచ్చిందంతా గోల అంటాం. నేనూ మా విద్యార్థుల ముందు ఆ మాట అన్నాను, బాధపడ్డాను.

మేరీ లూకు అప్పటికి ముప్పై దాటింది. పేరుంది, ఉద్యోగముంది. కఫే సొసైటీ అనే క్లబ్బులో రోజూ వాయించేది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన కూర్చోగలిగిన క్లబ్బు అది. అక్కడ పని ముగించుకుని కుర్రాళ్లు వాయించే చోటికి వెళ్లి వినేది. ఆ తర్వాత వాళ్లంతా న్యూయార్క్‌లోని నల్లవాళ్ల పేట హార్లెమ్‌లో, హామిల్టన్ టెరేస్ అనే వీధిలో ఉన్న ఆమె ఇంటికి చేరేవారు. తెలోనియస్ మంక్, బడ్ పవెల్, డిజ్జీ గిలెస్పీ, టాడ్ డామెరన్. ఆమె ఇంట్లో లేకపోయినా తలుపు తీసే ఉండేది. నేల మీద కూర్చుని, వంతులవారీగా పియానో దగ్గరకు వెళ్లి, కొత్తగా కట్టింది వినిపించేవారు. ఆమె దిద్దేది, వాళ్ల దగ్గర తనూ నేర్చుకునేది. ఆ తర్వాత ఆమె రాసిన సంగీతం వింటే ఎవరి నుంచి ఏం తీసుకుందో తెలుస్తుంది. గురువు కూడా శిష్యురాలిగా కూర్చున్న గది అది.

1945లో "జోడియాక్ సూట్" చేసింది. ద్వాదశ రాశులకు పన్నెండు ముక్కలు, ఒక్కో రాశిలో పుట్టిన తన సంగీత మిత్రుల్ని తలుచుకుంటూ. తులారాశి ఒక్కటే చూడండి: మంక్, గిలెస్పీ, బడ్ పవెల్, ఆర్ట్ టేటమ్, నలుగురూ ఆ రాశివాళ్లే. వృషభం ఎల్లింగ్టన్‌ది, ఆమెది కూడా. తన రేడియో కార్యక్రమంలో వారానికొకటి వినిపించింది. ఆ ఏడాది డిసెంబర్ 31న టౌన్ హాల్‌లో చిన్న ఆర్కెస్ట్రాతో వాయించింది. కార్నెగీ హాల్‌లో సింఫనీ ఆర్కెస్ట్రాతో మూడు ముక్కలు వినిపించడానికి 1946 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. నా లెక్కలో ఆమె చేసినవాటిలో గొప్పది ఇదే. అప్పట్లో దానికి దక్కాల్సిన ఆదరణ దక్కలేదు.

1952లో ఇంగ్లండ్ వెళ్లింది, అక్కణ్ణుంచి పారిస్. 1954లో ఒక రాత్రి పారిస్ క్లబ్బులో వాయిస్తూ వాయిస్తూ లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. దీన్ని నేను ఏ ఒక్క కారణానికీ కట్టెయ్యను. మనిషి అలసిపోయింది. చుట్టూ ఉన్న మేధావులు మత్తుమందులకు బలైపోతున్నారు. మరుసటి ఏడాది బీబాప్ సాక్సఫోన్ కళాకారుడు చార్లీ పార్కర్ ముప్పై నాలుగేళ్లకే పోయాడు. హార్లెమ్ తిరిగొచ్చి గంటలకొద్దీ చర్చిలో కూర్చుని ప్రార్థన చేసేది. మత్తులో చిక్కుకున్న కళాకారుల్ని తన ఇంట్లోనే ఉంచుకుని, వండిపెట్టి సేవ చేసింది. వాళ్ల కోసం డబ్బు కూడబెట్టడానికి పాత బట్టల దుకాణం నడిపింది. 1957లో క్యాథలిక్ మతం స్వీకరించింది. పియానో మాత్రం ముట్టుకోలేదు.

నీ ప్రార్థన నీ వేళ్లలోనే ఉందని ఆమెకు నచ్చజెప్పినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఫాదరీలు, డిజ్జీ గిలెస్పీ. ఒకప్పుడు తన ఇంటి నేల మీద కూర్చున్న కుర్రాడే, 1957 జులైలో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో తన బ్యాండుతో ఆమెను తిరిగి వేదిక ఎక్కించాడు. వాయించింది "జోడియాక్ సూట్" లోని భాగాలే.

ఆ తర్వాత జాజ్‌ను చర్చిలోకి తీసుకెళ్లింది. పెరూ దేశానికి చెందిన నల్లజాతి సాధువు మార్టిన్ డి పోరెస్ మీద 1960ల మొదట్లో బృందగానం కూర్చింది. రికార్డు కోసం "మేరీ" అని సొంత కంపెనీ పెట్టుకుంది. ఆమె కూర్చిన ఆరాధన సంగీతానికి 1971లో ఆల్విన్ ఐలీ నృత్యం కట్టాడు. 1975లో న్యూయార్క్ సెయింట్ పాట్రిక్స్ కెథడ్రల్‌లోనే అది వినిపించింది.

అరవై ఆరేళ్ల వయసులో, 1977లో, కార్నెగీ హాల్‌లో సెసిల్ టేలర్ పక్కన రెండో పియానో ముందు కూర్చుంది. టేలర్ అప్పటికి జాజ్‌లో అందరికంటే దూరం వెళ్లిన మనిషి. ఆయన సంగీతంలో తాళం కూడా చేతికి అందదు. నిజం చెబుతాను, ఆ రికార్డు నేను చాలాసార్లు విన్నాను, ఆ ఇద్దరూ కలవలేదు. చాలా చోట్ల ఆమె ఒక దారిలో, ఆయన ఇంకో దారిలో. అయినా ఆ వయసులో ఆ కుర్చీలో కూర్చుందే, దానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. ఎల్లింగ్టన్ తన ఆత్మకథలో ఆమెను నిత్య సమకాలీనురాలు అన్నాడు.

1977లోనే డ్యూక్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి చేరింది. జాజ్ చరిత్ర చెప్పేటప్పుడు తేదీలతో మొదలుపెట్టేది కాదు. పియానో ముందు కూర్చుని, పిల్లల చేత పాడించేది. వినమనేది. 1981 మే 28న కాన్సర్‌తో కన్నుమూసింది.

ఇక నా మాటలు చాలు. ఇప్పుడు మీకు ఒక రికార్డు వినిపిస్తాను. 1930 ఏప్రిల్, షికాగో. ఇరవై ఏళ్లు నిండడానికి ఇంకా రెండు వారాలుంది. ఒంటరిగా ఏదైనా వాయించమన్నారు. ఏమీ సిద్ధం చేసుకోలేదు. తను చూసిన రాత్రులన్నీ తలుచుకుంటూ వాయించింది. దానికి "నైట్ లైఫ్" అని పేరు పెట్టారు. కంపెనీ వాళ్లు ఆమె పేరుకు "లూ" చేర్చింది కూడా అప్పుడే. ఆ రికార్డు మీద ఆమెకు రాయల్టీ ఒక్క డాలరు రాలేదు. మూడు నిమిషాలుంటుంది. కుడిచెయ్యి మిమ్మల్ని లాగేస్తుంది, మొదటిసారి దాన్ని వదిలెయ్యండి. ఎడమచెయ్యి వినండి. అడుగున మంద్ర స్వరం, పైన స్వరాల గుంపు, మళ్లీ మంద్రం, అలా లోలకంలా ఊగుతూ ఎక్కడ అలవాటు తప్పించి అడుగు మారుస్తుందో పట్టుకోండి. లైట్లు కాస్త తగ్గిస్తారా?