ఎరిత్రోమైసిన్ రింగు ఎలా మూసుకుంటుంది?

ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ నిర్మాణం గీసి చూస్తే ముందు కంట్లో పడేది దాని పెద్ద రింగే. 13 కార్బన్లు, ఒక ఆక్సిజన్, వెరసి 14 పరమాణువులు. సాకరోపాలిస్పోరా ఎరిత్రియా అనే బ్యాక్టీరియా ముందు పొడుగు గొలుసు అల్లుకుని, చివర్లో దాన్ని రింగు చేస్తుంది.

అల్లే పని డెబ్స్ అనే మూడు భారీ ప్రోటీన్లది. వాటిలో ఆరు మాడ్యూళ్లు, అంటే గొలుసును ఒక్కో మెట్టు పెంచే విభాగాలు. మొదలు ప్రొపియోనిల్ అనే చిన్న కార్బన్ ముక్క. ఆపైన ఒక్కో మాడ్యూల్ మరో ముక్కగా ఒక్కో మిథైల్‌మలోనిల్‌ను అతికిస్తుంది. ప్రతిసారీ ఒక కార్బన్ డయాక్సైడ్ పోయి, గొలుసు రెండు కార్బన్ల పొడవు పెరుగుతుంది. మిగిలిన కీటోన్ (కార్బన్‌కు జంట బంధంతో ఆక్సిజన్ ఉన్న చోటు) సంగతి కూడా మాడ్యూలే చూసుకుంటుంది. 1, 2, 5, 6 మాడ్యూళ్లు దాన్ని ఆక్సిజన్-హైడ్రోజన్ జంటగా, అంటే ఓహెచ్‌గా మారుస్తాయి. మూడోది అలాగే వదిలేస్తుంది. నాలుగోది ఆక్సిజన్‌ను పూర్తిగా తీసేస్తుంది.

ఇప్పుడు గొలుసు మీద నాలుగు ఓహెచ్‌లు ఉన్నాయి: 3, 5, 11, 13 కార్బన్ల మీద (లెక్క ఆఖరున చేరిన కొస నుంచి). రింగు కట్టాల్సింది 13తోనే, అంటే అన్నిటికంటే ముందు, మొదటి మాడ్యూల్లో తయారైన ఓహెచ్‌తో. 11వది దాడి చేస్తే 12 పరమాణువుల రింగే వస్తుంది.

సరైనదాన్ని ఎంచుకునేది డెబ్స్ చివరనున్న థయోఎస్టరేజ్ అనే ఎంజైమ్ భాగం. దీనిలోని సెరీన్ అనే అమైనో ఆమ్లం గొలుసులోని ఒకటో కార్బన్‌ను ఎస్టర్ బంధంతో పట్టుకుంటుంది. గొలుసు ఎంజైమ్ లోపల మెలిక తిరిగి, 13వ ఓహెచ్ ఆ కార్బన్ ఉన్న కార్బొనిల్ (కార్బన్-ఆక్సిజన్ జంట బంధం) దగ్గరికి చేరాలి. పక్కనున్న హిస్టిడిన్ అనే మరో అమైనో ఆమ్లం ఆ ఓహెచ్ నుంచి ప్రోటాన్ లాక్కుంటుంది, ఆక్సిజన్ కార్బొనిల్ మీద పడుతుంది, సెరీన్ విడిపోతుంది.

ఇక్కడ పోటీకొచ్చేది నీరు. గొలుసు సరిగా ఒదగకపోతే ఓహెచ్ బదులు నీటి అణువే దాడి చేసి, రింగు లేని ఆమ్లం మిగులుస్తుంది. ల్యాబ్‌లో మాడ్యూళ్లు మార్చేవాళ్లు థయోఎస్టరేజ్‌ను ఊరికే తోక అనుకోకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే. మరోపక్క, దాన్ని రెండో మాడ్యూల్ చివరికి జరిపితే పొట్టి గొలుసును కూడా మూసి, ఆరు పరమాణువుల లాక్టోన్ (ఎస్టర్ బంధంతో మూసుకున్న రింగు) ఇస్తుంది.

రింగు కట్టినంత మాత్రాన మందు అయిపోదు. 6, 12 కార్బన్ల మీద ఓహెచ్‌లు, రెండు చక్కెరలు చేరాలి.

అణువుల ద్రవ్యరాశి కొలిచే మాస్ స్పెక్‌లో జాగ్రత్త. ఇవేవీ చేరకముందు రింగు ద్రవ్యరాశి 386, రింగు లేని ఆమ్లం 404. తేడా 18, అంటే ఒక నీటి అణువు. పరికరంలోనే ఆమ్లం నీరు కోల్పోయి 386 దగ్గర కనిపించగలదు. కాబట్టి ముందు క్రొమటోగ్రఫీ కాలమ్ (పదార్థాలను వేరుచేసే గొట్టం) మీద విడదీసి, బయటికొచ్చే సమయాన్ని అసలు లాక్టోన్‌తో పోల్చాకే రింగు వచ్చిందని రాయండి.