నేల మీద పడ్డ సూర్యుడు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, కోతల వేళ పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ, ముందు వరసలో గోల చేస్తున్న పిల్లలకూ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలు కదా, పుస్తకాల గురించి మాట్లాడమన్నారు. చదవండి, మంచిది. ఇక నా గోల వినండి.

మొన్న వేసవిలో మా ఆవిడా నేనూ కొడైకెనాల్ వెళ్లాం. ఆవిడ సరస్సు కోసం, నేను సూర్య వేధశాల కోసం. 1899లో పెట్టారు దాన్ని. 1876లో మొదలైన ధాత కరువు తర్వాత, వానలకూ సూర్యుడికీ ఏమైనా లంకె ఉందా అని దొరలు ఆలోచనలో పడ్డారు. ఆ వేధశాల పుట్టడానికి అదొక కారణం. మనకు కాటన్ దొర ఆనకట్ట ఉంది కాబట్టి గట్టెక్కాం. లేనివాళ్లు లక్షల్లో పోయారు.

రెండ్రోజులు మబ్బే. సూర్యుణ్ణి చూడ్డానికి ఇంత దూరం రావాలా, మన కాలవగట్టు మీద మాడ్చేస్తున్నాడుగా అంది మా ఆవిడ. మూడో రోజు మబ్బు విడిచింది. లోపల చీకటి గదిలో, తెల్లటి తెర మీద పళ్లెమంత సూర్యుడు! అంచుకు దగ్గరగా ఒక నల్లమచ్చ, ఆవగింజంత. ఆ లెక్కన మన భూమీ ఆవగింజంతే. అలాంటి మచ్చల్లోంచి వాయువులు బయటికి పారుతున్నాయని 1909లో ఎవర్షెడ్ అనే దొర కనిపెట్టింది అక్కడే. 1904 నుంచి సూర్యుణ్ణి ఫొటోలు తీస్తూనే ఉన్నారు.

నాకు మాత్రం ఆ తెర ముందు మా నాన్నమ్మ గుర్తొచ్చింది. 1980 ఫిబ్రవరి 16. సంపూర్ణ గ్రహణం నల్గొండ మీదుగా పోయింది, మనకు దాదాపుగా పట్టింది. ఆ మధ్యాహ్నం ఎంతమంది బయటికొచ్చారు? చేతులెత్తండి. చూశారా, ఒక్కరూ లేరు! మా నాన్నమ్మ ఆవకాయ జాడీ మీద దర్భ వేసి, నన్ను వసారా గదిలో పెట్టి గొళ్లెం పెట్టింది. ఏడ్చి ఏడ్చి కిందికి చూశాను. తాటాకు కప్పు చిల్లుల్లోంచి, పేడతో అలికిన నేల మీద, పచ్చికొబ్బరి ముక్కల్లా పదుల కొద్దీ నెలవంకలు! ప్రతి చిల్లూ ఒక సూర్యుణ్ణి కింద పడేసింది. గ్రహణాన్ని నాన్నమ్మ గొళ్లెం ఆపలేకపోయింది.

అప్పటికి నూట పన్నెండేళ్ల ముందు, 1868లో, గ్రహణం చూడ్డానికి జాన్సెన్ అనే ఫ్రెంచాయన ఓడెక్కి మన గుంటూరు వచ్చాడు. ఆ గ్రహణం నాడు సూర్యుడి వెలుగును రంగులుగా విడదీసి చూస్తే కనిపించిన పసుపు గీతే తర్వాత హీలియం అనే వాయువుదని తేలింది. వాళ్లు సముద్రం దాటి వచ్చారు, మనం గడప దాటలేదు. పోనీ అదంతా పాతకాలం అనుకుందాం. 2019 డిసెంబరు 26న గ్రహణం చూపిద్దామని చిల్లు పెట్టిన అట్టలు పట్టుకుని ఒక బడికి వెళ్లాను. గేటు తీయలేదండీ! విడుపయ్యాకే పిల్లలొస్తారట. నాన్నమ్మ చదువుకోలేదు. వీళ్లకేమైంది?

అధ్యక్షులవారు వాచీ చూసుకుంటున్నారు. ఆ అట్టలు ఇవాళా తెచ్చాను, సంచిలో ఉన్నాయి. పిల్లలూ, ఎండ వాలకముందే వరండాలోకి రండి. పైకి చూడకూడదు, నేల మీదే చూడాలి. చెప్పులు తర్వాత వెతుక్కోవచ్చు, పదండి.