బ్రాన్సన్ అరోయో: తన వంతు తప్పని పిచర్

అందరికీ నమస్కారం.

బేస్‌బాల్ గురించి అనగానే బేబ్ రూత్‌తో మొదలుపెడతానని అనుకుని ఉంటారు. ఇవాళ నేను మాట్లాడేది బ్రాన్సన్ అరోయో అనే అమెరికన్ పిచర్ గురించి, అంటే బ్యాటర్‌కి బంతి వేసేవాడి గురించి. ఆ పేరు వినకపోతే మీ తప్పేం లేదు. రికార్డుల పుస్తకాలు తిరగేసేవాళ్ళు కూడా అతని దగ్గర ఆగరు.

ముందు ఒక్క మాట. క్రికెట్ అలవాటైన మనకి ఇన్నింగ్స్ అంటే చాలా పెద్దది. బేస్‌బాల్‌లో ముగ్గురు అవుటైతే ఆ వంతు అయిపోయినట్టే. మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, సీజన్‌కి 162 మ్యాచ్‌లు. దాదాపు రోజూ ఆటే. రోజూ ఒకడే బంతి వేస్తే చెయ్యి ఉండదు. అందుకే ఐదుగురు పిచర్లు వంతులవారీగా మ్యాచ్ మొదలుపెడతారు. దాన్నే రొటేషన్ అంటారు. మొదటివాడు స్టార్. ఐదోవాడు ఎన్నాళ్ళుంటాడో తెలీదు. అరోయోది మధ్యలో చోటు.

కెరీర్ మొత్తం 148 గెలుపులు, 137 ఓటములు. తొమ్మిది ఇన్నింగ్స్‌కి అతని ఖాతాలో పడ్డ పరుగుల సగటు 4.28. ఇది గొప్ప అంకె కాదు. నేనూ గొప్పదని వాదించను.

నా వాదన ఇంకో అంకె మీద. 2005 నుంచి 2013 దాకా తొమ్మిది సీజన్లు చూడండి. ఎనిమిదింట్లో 200 ఇన్నింగ్స్, ఆ పైన. మిగిలిన ఒక్కదాంట్లో 199. ఆ తొమ్మిదేళ్ళూ గాయాల జాబితాలో అతని పేరు ఎక్కనే లేదు. మొదలుపెట్టినవాడు మూడో ఇన్నింగ్స్‌కే చేతులెత్తేస్తే మిగతా భారమంతా బుల్‌పెన్‌లో, అంటే పక్కన సిద్ధంగా, కూర్చున్న మిగతా పిచర్ల మీద పడుతుంది. వాళ్ళు ఇవాళ అలిసిపోతే రేపటి మ్యాచ్‌కీ, ఎల్లుండి మ్యాచ్‌కీ దెబ్బే. అరోయో ఆరు ఇన్నింగ్స్ వేసి మూడు పరుగులిచ్చిన రోజు పేపర్లో హెడ్డింగ్ రాదు, కానీ ఆ రాత్రి మేనేజర్ టెన్షన్ లేకుండా నిద్రపోతాడు.

వేగం లేదు. అతని బంతి గంటకి 90 మైళ్ళు దాటడమే అరుదు. వంపు తిరిగే కర్వ్ బాల్, చెయ్యి కోణం మార్చి మార్చి వెయ్యడం, కాలు కర్రలా బిగదీసి పైకెత్తడం. అదీ అతని సరంజామా. గిటారు కూడా వాయిస్తాడు, 2005లో ఆల్బమ్ తెచ్చాడు. అది వేరే ప్రసంగం.

అప్పటి తన జట్టు బోస్టన్ రెడ్ సాక్స్‌లోనే ఉండాలని 2006 మొదట్లో తక్కువ డబ్బుకే మూడేళ్ళ ఒప్పందం చేసుకున్నాడు. మార్చిలో ఆ జట్టే అతన్ని సిన్సినాటి రెడ్స్‌కి ఇచ్చేసి, బలంగా కొట్టే విలీ మో పేన్యాని తెచ్చుకుంది. పేన్యా మరుసటి ఏడాదికే బోస్టన్ వదిలాడు. అరోయో మాత్రం ఆ 2006లో 240 పైచిలుకు ఇన్నింగ్స్ వేసి అమెరికా ప్రధాన బేస్‌బాల్‌లోని రెండు లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్ మొత్తంలో ముందు నిలిచాడు, ఎనిమిది సీజన్లు సిన్సినాటిలోనే ఉన్నాడు.

ఇక 2011. 46 హోమ్ రన్లు, మన సిక్సర్ల లాంటివి, ఇచ్చాడు, ఆ ఏడాది రెండు లీగుల్లోనూ అంతగా దెబ్బలు తిన్న పిచర్ లేడు. నేను చెప్పిన 199 ఆ సంవత్సరానిదే. అంత బాదుతుంటే మళ్ళీ మళ్ళీ బంతి చేతికివ్వడం జట్టుకి మేలేనా? ఆ ఏడాదికైతే కాదనే అంటాను. కానీ 2012 అక్టోబర్‌లో, ప్లేఆఫ్స్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే మనిషి ఏడు ఇన్నింగ్స్ వేసి ఒక్క హిట్ ఇచ్చాడు, పరుగు ఇవ్వలేదు. రెడ్స్ 9-0తో గెలిచింది. తర్వాతి మూడూ సొంతగడ్డ మీద ఓడి ఇంటికెళ్ళింది, అది అరోయో పాపం కాదు.

2014లో మోచేతికి ఆపరేషన్. 2017లో, నలభై ఏళ్ళ వయసులో, మళ్ళీ రెడ్స్‌కి వచ్చి 14 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు. సగటు ఏడు దాటింది. చూడలేకపోయాం.

2023లో రెడ్స్ తన సొంత హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే మేటి ఆటగాళ్ళ గౌరవ జాబితాలో, అతన్ని చేర్చుకుంది. అదే ఏడాది కూపర్స్‌టౌన్‌లో ఉన్న, బేస్‌బాల్ మొత్తానికి చెందిన హాల్ ఆఫ్ ఫేమ్ ఎన్నికలో అతనికి పడింది ఒకే ఒక్క ఓటు. ఆ ఓటు వేసిన పెద్దమనిషి ఎవరో గానీ, ఎదురైతే కాఫీ ఇప్పించాలని ఉంది.