మౌస్ బాణం మీ చేతి మాట వినాలంటే ఈ టిక్ తీసేయండి

నమస్తే అన్నా, నమస్తే అక్కా. నల్లగొండ గడియారం సెంటర్ దిక్కు ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపులో కాసేపు కూర్చుని చూడండి. ఫొటోషాప్‌లో నాయకుడి ఫొటో తెరిచి, తల చుట్టూ కటింగ్ చేస్తుంటారు. చెవి దాకా గీత చక్కగా వస్తుంది. చెవి మలుపు దగ్గర బాణం జారి బుగ్గ మీదికి పోతుంది. కంట్రోల్ జెడ్, మళ్లీ మొదలు. పాపం, చాలామంది తమ చేతినే తిట్టుకుంటారు. సెట్టింగ్ చూసుకోండి ముందు.

మౌస్ స్పీడ్ రెండు చోట్ల ఉంటుంది. ఒకటి మౌస్‌లోనే, దాన్ని డీపీఐ అంటారు. 800 డీపీఐ మౌస్‌ను ఒక అంగుళం జరిపితే బాణం 800 పిక్సెల్స్, అంటే తెర మీది 800 చుక్కలు, కదులుతుంది. 1920 పిక్సెల్స్ స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివరకు దాటాలంటే ఆరు సెంటీమీటర్లు జరిపితే చాలు. అదే 3200 పెడితే సెంటీమీటరున్నరకే దాటేస్తుంది. ఇక చెవి మలుపు ఎట్లా తిరుగుతుంది చెప్పండి! చక్రం వెనక చిన్న బటన్ ఉంటే, డీపీఐ మారేది దాంతోనే.

రెండోది విండోస్‌లో. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, మెయిన్ డాట్ సీపీఎల్ (main.cpl) అని కొట్టి ఎంటర్ నొక్కండి. పాయింటర్ ఆప్షన్స్‌లో స్పీడ్ మార్చే పట్టీ మీద 11 గీతలుంటాయి. ఆరో గీత, అంటే సరిగ్గా మధ్యలో పెట్టండి. నేను చెప్పిన లెక్క అక్కడే కుదురుతుంది. కుడికి జరిపితే బాణం మధ్యలో పిక్సెల్స్ వదిలేసి దూకుతుంది. స్పీడ్ కావాలంటే డీపీఐ పెంచుకోండి, దీన్ని ముట్టుకోకండి.

దాని కిందే ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ అని టిక్ ఉంటుంది. విండోస్‌తో పాటే ఆన్ అయి వస్తుంది. ఇది ఉంటే, మౌస్‌ను రెండు అంగుళాలు మెల్లగా జరిపినప్పుడు బాణం ఒక దూరం పోతుంది, అదే రెండు అంగుళాలు గబుక్కున జరిపితే ఇంకా ఎక్కువ దూరం పోతుంది. మరి చేతికి అలవాటు ఎట్లా అవుతుంది? డిజైనింగ్ చేసేవాళ్లు, గేమ్స్ ఆడేవాళ్లు తీసేయండి. మొదట్లో బాణం బరువుగా అనిపిస్తుంది, టెన్షన్ పడి మళ్లీ టిక్ పెట్టకండి.

ఇవన్నీ చేసినా బాణం గెంతుతుంటే టేబుల్ చూడండి. మౌస్ కింద సెన్సర్ క్షణక్షణం టేబుల్ ఫొటోలు తీస్తూ కదలిక కనిపెడుతుంది. అద్దం మీద దానికి ఏమీ ఆనదు. ప్యాడ్ లేకపోతే పాత క్యాలెండర్ అట్ట వేసుకోండి, పని జరుగుతుంది.