రాత్రి అన్నం మానేసినా పొట్ట తగ్గట్లేదా? మీ గాదె సంగతి చూద్దాం

(టేబుల్ మీద చిన్న కాటా. ఒక గిన్నెలో బియ్యం, ఇంకో గిన్నెలో గోధుమపిండి. పక్కన మూత పెట్టిన స్టీలు డబ్బా.)

నమస్తే అండీ. ఈ వారంలో నలుగురు ఒకటే మాట అడిగారు నన్ను. "మేడమ్, రాత్రి అన్నం మానేసి ఆర్నెల్లయింది, చపాతీలే తింటున్నా, అయినా పొట్ట తగ్గట్లేదు" అని. నలుగురూ 45 దాటినవాళ్ళే. నలుగురూ ఏదో తప్పు చేసి పట్టుబడినట్టు తల దించుకుని చెప్పారు. ఆ తల దించుకోవడం చూస్తే నాకు చాలా బాధేస్తుందండీ. ఆర్నెల్లు నోరు కట్టేసుకున్న మనిషి సిగ్గుపడటం ఏంటి? తప్పు ఆవిడది కాదు, ఆవిడకి చెప్పిన సలహాది.

ముందు ఈ కాటా చూడండి. (బియ్యం తూస్తూ) 100 గ్రాముల బియ్యం. ఇది తీసి పక్కన పెట్టి, 100 గ్రాముల గోధుమపిండి. ఒక్కోదాంట్లో 320 నుంచి 360 కేలరీల దాకా ఉంటాయి. గోధుమపిండిలో పీచు ఎక్కువ, ప్రోటీన్ రెండు మూడు గ్రాములు ఎక్కువ, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఒక్కో చపాతీ కాల్చేటప్పుడు పైన చెంచాడు నూనె వేస్తాం. ఆ చెంచా దగ్గరే 45 కేలరీలు. పక్కన బంగాళాదుంప కుర్మా. ఇక తేడా ఎక్కడ మిగిలిందండీ? అన్నం మీద మనకున్న కోపమంతా దండగ.

మరి పొట్ట ఎందుకొస్తోంది? "నలభై దాటాక మెటబాలిజం పడిపోతుందిగా" అంటారు. ఇది కూడా అందరూ అనే మాటే. 2021లో 29 దేశాల్లో, ఎనిమిది రోజుల పసిగుడ్డు నుంచి 95 ఏళ్ళ ముసలివాళ్ళ దాకా, 6,400 మందికి పైగా మనుషుల మీద చేసిన పెద్ద పరిశోధన ఒకటి వచ్చింది. ఒంట్లో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది లెక్కలోకి తీసుకుని చూస్తే, 20 నుంచి 60 ఏళ్ళ దాకా శరీరం ఖర్చుపెట్టే శక్తి ఇంచుమించు ఒకేలా ఉందని తేలింది. కండ ఎంత ఉందన్నది లెక్కలోకి తీసుకుంటే, అన్నాను చూడండి, అసలు సంగతి అక్కడుంది. మారుతున్నది ఆ కండే.

మా అమ్మమ్మగారింట్లో చెక్క గాదె ఉండేది. నట్టింటి పక్క గదిలో, పైకి ఎక్కడానికి చిన్న నిచ్చెన, లోపలికి దిగితే మెడ దాకా వడ్లు. కోతలయ్యాక బస్తాలు వస్తే పాలేరు గాదె తలుపు తీసి అందులో పోసేవాడు. ఇల్లు మాత్రం ఎప్పుడూ అద్దంలా ఉండేది, ఎందుకంటే వచ్చిన గింజకి చోటు ఉంది.

మీ ఒంట్లో ఆ గాదె, కండరాలు. మీరు తిన్న అన్నమో చపాతీయో అరిగి గ్లూకోజ్ అయ్యాక, అందులో పెద్ద వాటా వెళ్ళి చేరేది కండరాల్లోకే. తలుపు తీసే పాలేరు ఇన్సులిన్. ముప్ఫై దాటిన దగ్గర్నుంచి, పట్టించుకోకపోతే, ఆ కండ కొంచెం కొంచెంగా కరుగుతూ వస్తుంది. అంటే గాదె చిన్నదైపోతోంది, వడ్లు మాత్రం పాత లెక్కన దిగుతూనే ఉన్నాయి. పట్టనివి ఎక్కడికి పోతాయి? కొన్ని అరుగు మీదే ఉండిపోతాయి. అదే రక్తంలో షుగరు. మిగిలినవి నట్టింట్లో పడతాయి. అదే పొట్ట.

ఆడవాళ్ళకి ఇంకో కథ కూడా ఉంది. మిగిలిపోయిన బస్తాల్ని "పెరట్లో కొట్టులో వేయండి" అని చెప్పే పెద్ద దిక్కు ఒకటి మన ఒంట్లో ఉంటుంది, ఈస్ట్రోజన్ అనే హార్మోన్. పెరటికొట్టు అంటే తుంటి, తొడలు. అక్కడ కొవ్వు చేరితే పెద్ద ప్రమాదం లేదు. ముట్లు ఆగిపోయే రోజుల్లో ఈస్ట్రోజన్ తగ్గిపోతుంది, చెప్పేవాళ్ళు లేక బస్తాలన్నీ నట్టింట్లో దిగుతాయి. అందుకే బరువు పెద్దగా పెరక్కపోయినా జాకెట్ పట్టదు, చీర కుచ్చిళ్ళు తక్కువొస్తాయి. "అదే తిండి, అదే మనిషిని, ఎందుకిలా అయ్యాను" అని అడుగుతారు చూడండి, జవాబు ఇదీ. బరువు తూచే మిషన్ కంటే టేపు నమ్మండి. మన భారతీయ స్త్రీలకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు దాటిందంటే జాగ్రత్త పడాలి. మగవాళ్ళకి 90. అవునండీ, మగవాళ్ళ గాదె కూడా తగ్గుతుంది, అన్నయ్యగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని వినమనండి.

వయసు గురించి ఒక మాట. మన దేశంలో మెనోపాజ్, అంటే ముట్లు పూర్తిగా ఆగిపోవడం, సగటున 46, 47 ఏళ్ళకే వస్తోంది, పాశ్చాత్య దేశాల్లో 51. పైగా మన తెలుగు రాష్ట్రాల్లో ఇంకో కారణం ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 50 ఏళ్ళలోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఎనిమిది మందికి పైనే. "పిల్లలు పుట్టేశారు, ఇంకా ఆ సంచి ఎందుకు" అని ముప్ఫై అయిదేళ్ళకే తీయించుకున్నవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. అవి ఉంచినా కొందరికి మెనోపాజ్ ముందే వచ్చేస్తుంది. మీ ఆపరేషన్ కాగితం తీసి, అండాశయాలు ఉన్నాయో లేవో ఈ రోజే చూసుకోండి. ముప్ఫై ఎనిమిదేళ్ళ అమ్మాయి అయినా సరే, ఈ వీడియో ఆవిడదే.

సరే, గాదె దగ్గరికి వద్దాం. "అయితే వడ్లు తగ్గించేస్తే సరిపోతుందిగా" అంటారు. రాత్రి పస్తు, పొద్దున జావ, మధ్యాహ్నం కీరా ముక్కలు. మొదటి నెల నాలుగు కేజీలు తగ్గుతారు, ఇంట్లో అందరూ మెచ్చుకుంటారు. లోపల ఏం జరుగుతోందో తెలుసా? పొయ్యిలోకి కట్టెల్లేక గాదె చెక్కలే ఊడబీకి మంట పెట్టుకుంటున్నారు. తగ్గిన నాలుగు కేజీల్లో కండ కూడా ఉంది. మళ్ళీ మామూలు తిండికి వచ్చేసరికి గాదె ముందు కన్నా చిన్నది, అదే అన్నానికి ఈసారి పొట్ట ఇంకొంచెం ఎక్కువ. నాలుగు డైట్లు చేసి నాలుగుసార్లు ఇలా అయినవాళ్ళున్నారు. పస్తు మాత్రం ఉండకండి, చేతులు జోడించి చెబుతున్నా.

గాదెకి చెక్కలు కావాలి. చెక్క అంటే ప్రోటీన్. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కేజీ బరువుకి 0.83 గ్రాములు, అంటే 60 కేజీల మనిషికి రోజుకి 50 గ్రాములు. మన ఇంటి లెక్క వేద్దాం. పొద్దున మూడు ఇడ్లీలు, ఆరు గ్రాములు. మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యం వండిన అన్నం, ఎనిమిది. వంకాయ కూర, ఒకటి రెండు. గరిటెడు పప్పు, నాలుగైదు. చిన్న కప్పు పెరుగు, మూడు. రెండు టీలలో పాలు, రెండు. రాత్రి రెండు చపాతీలు, ఆరు. అన్నీ కలిపితే 32 దాటలేదు. అది కూడా ఇల్లాలు అందరికీ వడ్డించాక ఆవిడకి గరిటెడు పప్పు మిగిలితే.

ఈ గిన్నె చూడండి. (గరిటెతో పప్పుచారు ఎత్తి, మెల్లగా వంపుతూ) "నేను రోజూ పప్పు తింటాను మేడమ్" అంటారు, తినేది ఇది. నీళ్ళు, చింతపండు, ఒక టమాటా ముక్క, రెండు మునక్కాడలు. కందిపప్పు గింజలు అడుగున ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టొచ్చు. చారు మానేయమని అనట్లేదు, అది లేకపోతే ముద్ద దిగదు నాకూ. కానీ దీన్ని పప్పు ఖాతాలో రాసుకోవద్దు. చెంచా నిలబడేంత ముద్దపప్పు తింటే, అది పప్పు.

మిగతా 18 గ్రాములకి పౌడర్ డబ్బాలు కొననక్కర్లేదు. వారంలో మూడు రోజులు ఇడ్లీ బదులు పెసరట్టు వేసుకోండి, 50 గ్రాముల పెసలు రుబ్బితే 12 గ్రాముల దాకా వస్తుంది. తినేవాళ్ళయితే రెండు గుడ్లు, పచ్చసొనతో సహా, ఇంకో 12. సాయంత్రం టీతో బిస్కెట్లు తీసేసి ఆ చోట్లో గుప్పెడు శనగల గుగ్గిళ్ళు పెట్టండి, ఆరు. చేపో కోడో వండిన రోజు ముక్కలన్నీ పిల్లలకి వేసి పులుసు మీరు పోసుకోవద్దు, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మీ డాక్టర్‌ని అడిగాకే ఇవన్నీ.

ఇప్పుడు ఈ డబ్బా. (మూత తీసి) సున్నుండలు, పక్కన చిమ్మిలి. ఇవి ఎప్పుడు చేస్తాం మనం? ఆడపిల్ల పెద్దమనిషి అయితే మేనమామ ఇంటి నుంచి కూడా వస్తాయి. పక్కన కూర్చుని తినిపిస్తాం, "ఎముక గట్టిపడాలి తల్లీ" అని. కాన్పు అయితే బాలింతకి పథ్యం, కాయం, వెల్లుల్లి కారం, నలభై రోజులు మంచం దిగనివ్వం. ఆడదాని ఒంట్లో పెద్ద మార్పు వస్తే తిండి మార్చి చూసుకోవాలని మన పెద్దవాళ్ళకి బాగా తెలుసండీ. మరి ముట్లు ఆగిపోయినప్పుడు? ఎవరూ ఒక్క ఉండ కూడా చేసి పెట్టరు. అప్పుడే ఎముక అన్నిటికన్నా వేగంగా పలచబడేది. ఆగిపోయిన తర్వాత అయిదు నుంచి ఏడేళ్ళలో కొందరికి ఎముక సాంద్రతలో అయిదో వంతు దాకా పోతుంది. పెద్దమనిషి అయిన పిల్లకి పెట్టిన ఆ నువ్వులు, మినుములే ఇప్పుడూ కావాలి. పొట్టు తీయని నువ్వులు 100 గ్రాముల్లో 1,000 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. ఈ దశలో రోజుకి కావలసింది 1,200. పెద్ద చెంచాడు నువ్వులపొడి కూరలో చల్లుకుంటే వంద వస్తుంది, పెద్ద గ్లాసు పాలో పెరుగో 300, రాగిసంకటి, మునగాకు పప్పు, ఇలా కూడబెట్టాలి. ఉండలు రోజుకి ఒకటి చాలు, బెల్లం, నెయ్యి కూడా ఉన్నాయి అందులో. మాత్రలు అవసరమా అన్నది మీ డాక్టర్ చెప్పాలి.

అయ్యో, టైమ్ చాలా అయిపోయింది, వేగంగా చెప్పేస్తాను.

వ్యాయామం. నడక మంచిది, గాదెలో వడ్లు ఖర్చవుతాయి. కానీ కొత్త చెక్క వేయాలంటే బరువు మోయాలి, వారానికి రెండు రోజులైనా. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పది సార్లు లేచి కూర్చోండి. (లేచి చూపిస్తూ) ఇలా, దిగేటప్పుడు దబ్బున పడకుండా, మెల్లగా. అది తేలికైపోతే రెండు కేజీల కందిపప్పు ప్యాకెట్ గుండెలకి హత్తుకుని చేయండి. మోకాళ్ళ నొప్పి ఉంటే ఎత్తు కుర్చీ తీసుకోండి. "ఇంటి పనంతా నాదేగా" అంటారు, నిజమే, అలసిపోతారు కూడా. అయితే ఇరవై ఏళ్ళుగా ఎత్తుతున్న అదే బిందెకి కండ అలవాటు పడిపోయింది, కొంచెం కొంచెంగా బరువు పెంచితేనే అది పెరుగుతుంది.

ముట్లు ఆగే రోజుల్లో వచ్చే వేడి ఆవిర్లు, అర్ధరాత్రి చెమటలు. కాఫీ, మరీ కారం కొందరికి వీటిని ఎక్కువ చేస్తాయి, ఒక వారం తగ్గించి చూసుకోండి. నిద్ర పట్టకపోతే ముందు సాయంత్రం కాఫీ తీసేయండి. నిద్ర చాలని మర్నాడు ఆకలి ఎక్కువేస్తుంది, అది మీ నోటి చాపల్యం కాదు. ఏళ్ళ తరబడి భరించాల్సిన పని లేదు, మందులున్నాయి, గైనకాలజిస్టుని అడగండి. "వయసులో అంతేలే" అని పంపించేస్తే ఇంకొకరిని అడగండి.

నీరసం, బరువు, జుట్టు రాలడం ఉంటే థైరాయిడ్ ఒకసారి చూపించుకోండి, థైరాయిడ్ లక్షణాలూ మెనోపాజ్ లక్షణాలూ ఒకేలా ఉంటాయి. షుగరు, బీపీ, విటమిన్ డి కూడా. దగ్గితే తుమ్మితే మూత్రం పడుతోందంటే దానికీ వ్యాయామాలున్నాయి, సిగ్గుపడి నీళ్ళు తాగడం మానేయకండి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ముట్లు పన్నెండు నెలలు పూర్తిగా ఆగిపోయిన తర్వాత మళ్ళీ చుక్క రక్తం కనపడినా, "మళ్ళీ వచ్చిందిలే" అని ఊరుకోవద్దు. ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

(డబ్బా మూత పెడుతూ) ఇది మా అక్కకండీ. 48 నిండాయి, పోయిన నెలకి సరిగ్గా ఏడాది అయింది ఆగిపోయి. సాయంత్రం తీసుకెళ్తున్నా. పెద్దమనిషి అయినప్పుడు చేసినట్టే, పక్కన కూర్చుని తినిపించి వస్తాను. ఉంటానండి.