పాత డెబియన్‌లో బ్రాడ్‌కామ్ 4312 వైఫై కార్డు పనిచేయించడం

నమస్కారమండీ. ఈ ల్యాప్‌టాప్ మా బాబాయి అటక మీద నుంచి దింపి నా చేతిలో పెట్టాడు. ఇందులో ఉన్నది డెబియన్ అనే లినక్స్ సిస్టం, ఏడో వెర్షన్. దాని పేరు వీజీ. 2013 మేలో వచ్చింది, 2018 మేలో అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్తది వేసేయొచ్చుగా అంటారని తెలుసు. వేయొచ్చు, కానీ ఇందులో ఆయన లెక్కలు రాసుకునే ప్రోగ్రాం ఒకటుంది, దాన్ని కదపొద్దన్నాడు. కాబట్టి ఉన్నదాంట్లోనే వైఫై తెప్పిద్దాం.

పైన నెట్‌వర్క్ గుర్తు నొక్కాను, చూడండి. వైఫై అన్న మాటే లేదు. ఇక్కడే చాలామంది ఎక్కడెక్కడో దొరికిన కమాండ్లన్నీ వరసగా కొట్టేస్తారు. నేనూ ఒకప్పుడు అదే చేసి ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను. ముందు ఇది ఏ కార్డో చూద్దాం. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ, స్పేస్, మైనస్ ఎన్‌ఎన్.

ఇదిగో, బ్రాడ్‌కామ్ బీసీఎం4312. చివర బ్రాకెట్‌లో 14ఇ4:4315 అని ఉంది చూశారా? పేరు కన్నా ఈ నంబరే ముఖ్యం. 14ఇ4:4312 అని ఉంటే అది 4312 కాదు, బీసీఎం4311. భలే తికమక!

ఇప్పుడు సిస్టం రాసుకున్న సందేశాల్లో ఈ కార్డు డ్రైవర్ గురించి వెతుకుదాం: డీమెస్గ్, నిలువు గీత, గ్రెప్ బీ43. మెషీనే చెబుతోంది: యుకోడ్15 డాట్ ఎఫ్‌డబ్ల్యూ అనే ఫైల్ దొరకలేదట. అంటే కార్డును నడిపే బీ43 డ్రైవర్ కెర్నెల్‌లో, అదే సిస్టం గుండెకాయలో ఉంది, కార్డును గుర్తుపట్టింది కూడా. లేనిదల్లా కార్డులోకి ఎక్కించాల్సిన ఫర్మ్‌వేర్, అంటే కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రాం. దాన్ని పంచిపెట్టడానికి లైసెన్సు ఒప్పుకోదు, అందుకే డెబియన్ వాళ్ళు సిస్టంతో పాటు ఇవ్వలేదు.

నెట్ రావాలంటే ఫర్మ్‌వేర్ కావాలి, ఫర్మ్‌వేర్ తేవాలంటే నెట్ కావాలి. పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు! టెన్షన్ వద్దు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. యూఎస్‌బీ0 అని కొత్త కనెక్షన్ వచ్చేసింది.

ఎస్‌యూ కొట్టి రూట్‌లోకి, అంటే అన్ని హక్కులూ ఉన్న ఖాతాలోకి వెళ్ళి, ప్రోగ్రాంలు ఏ సర్వర్ నుంచి తేవాలో రాసి ఉండే ఈటీసీ, ఏపీటీ, సోర్సెస్ డాట్ లిస్ట్ తెరుస్తున్నాను. పాత సర్వర్లలో వీజీ ఇప్పుడు లేదు. ఆ లైన్లన్నీ తీసేసి, ఆర్కైవ్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్ లైన్ ఒక్కటి పెట్టండి. చివర మెయిన్ పక్కన కాంట్రిబ్ రాయడం మర్చిపోకండి, మనకు కావలసింది అందులోనే ఉంది. ఏపీటీ గెట్ అప్‌డేట్ కొడితే పాత కీల గురించి హెచ్చరికలు రావచ్చు. ఈ మెషీన్‌లో బ్యాంకు పనులు చేయను కాబట్టి నేను ముందుకే వెళ్తున్నాను. ఇప్పుడు ఫర్మ్‌వేర్‌ని కోసి తీసే పనిముట్టు: ఏపీటీ గెట్ ఇన్‌స్టాల్ బీ43 డ్యాష్ ఎఫ్‌డబ్ల్యూకటర్.

ఇక బ్రాడ్‌కామ్ వాళ్ళ సొంత డ్రైవర్ ఉన్న, బ్రాడ్‌కామ్ డబ్ల్యూఎల్ 5.100.138 అనే టార్ ఫైల్, అంటే ఫైళ్ళన్నీ కట్టిన మూట. దీన్ని వేరే కంప్యూటర్లో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. ఈ పాత బ్రౌజర్‌కి ఇప్పటి సర్టిఫికెట్లు తెలియవు, చాలా సైట్లు తెరవనంటుంది. టార్ ఎక్స్‌ఎఫ్‌తో విప్పాక, బీ43 ఎఫ్‌డబ్ల్యూకటర్, మైనస్ డబ్ల్యూ, స్లాష్ లిబ్ స్లాష్ ఫర్మ్‌వేర్, ఆ తర్వాత విప్పిన ఫోల్డర్‌లో లినక్స్ లోపలున్న డబ్ల్యూఎల్ అండర్‌స్కోర్ ఏపీఎస్‌టీఏ డాట్ ఓ. గబగబా ఫైళ్ళ పేర్లు పోతున్నాయి కదా, ఆ పెద్ద ఫైల్లోంచి ఫర్మ్‌వేర్ ముక్కల్ని కోసి పెడుతోంది.

ఇప్పుడు డ్రైవర్‌ని ఒకసారి దింపి మళ్ళీ ఎక్కిద్దాం: మోడ్‌ప్రోబ్ మైనస్ ఆర్ బీ43, మళ్ళీ మోడ్‌ప్రోబ్ బీ43. వచ్చేసింది! మీకు రాకపోతే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ కొట్టండి, వైఫై ఆపేసి ఉందేమో చెబుతుంది. హార్డ్ బ్లాక్‌డ్ పక్కన యెస్ ఉంటే ల్యాప్‌టాప్ అంచున చిన్న స్విచ్ ఉందేమో వెతకండి. ఇంతకుముందు డబ్ల్యూఎల్ డ్రైవర్ వేసి ఉంటే అది బీ43ని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టి లోడ్ కాకుండా ఆపేసి ఉంటుంది, మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో చూడండి.

లిస్టులో పక్కింటివాళ్ళ వైఫై కనిపిస్తోంది, మాది లేదు. కార్డు తప్పేం లేదు, దీనికి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు, మా రౌటర్‌లో నేను 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఆన్ చేసి ఉంచాను. రెండోది కూడా ఆన్ చేసి, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 కాకుండా డబ్ల్యూపీఏ2 పెట్టాను. ఇదిగో, మా ఇంటి పేరు. పాస్‌వర్డ్ కొడుతున్నాను, కెమెరా కాస్త పక్కకి తిప్పుతానుండండి.