తగులుబడి లెక్క చూసుకున్నవాళ్లు

సంఘ పెద్దలకు, వేదిక మీదున్న అయ్యగార్లకు, అమ్మగార్లకు, యువతీ యువకులకు ప్రభువు నామంలో వందనాలు. పేరుపేరునా చెప్పడం మర్యాదే గానీ సమయం తక్కువ. క్షమించండి.

‘విశ్వాసంతో తెగించడం’ అన్నది ఈ పూట అంశం. దావీదు, దానియేలు, ఎస్తేరు గురించి మీరు ఆదివారపు బడిలోనే విన్నారు. అందుకే మన ఒంగోలు సంగతి చెబుతాను.

1836లో అమెరికన్ బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే తెలుగువాళ్ల మధ్యకు వచ్చాడు. పదిహేడేళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 1853లో ఆల్బనీలో జరిగిన వాళ్ల సభలో ఈ మిషను మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. మూయలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషను దొర లైమన్ జూవెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్లు ఒంగోలు కొండెక్కి ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడిగా జాన్ క్లౌ దొర ఒంగోలులో అడుగుపెట్టింది 1866లో. అంటే ఆ ఐదుగురి ప్రార్థనకు పన్నెండేళ్లు పట్టింది.

క్లౌ ముందు భూములు కొలిచే సర్వేయరు. ఇది గుర్తు పెట్టుకోండి. 1876లో కరువు మొదలైంది. సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పనిగా పెట్టింది. అక్కడి మేస్త్రీలు మాదిగ కూలీలను తిట్టి కొట్టి, చేసిన పనికి పూర్తి కూలి ఇవ్వకుండా వెనక్కి పంపేవారు. అప్పుడు క్లౌ మూడున్నర మైళ్ల తవ్వకం, అంటే ఐదున్నర కిలోమీటర్లకు పైగా, తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. కొలతలు తెలిసినవాడు కాబట్టి తీసుకోగలిగాడు. సువార్తికులనే మేస్త్రీలుగా పెట్టాడు. మధ్యలో తినేవాడు లేడు కాబట్టి కూలి చేతికందింది. జనం కిక్కిరిసిన చోట కలరా వచ్చింది, మనుషులు చనిపోయారు. అయినా పని ఆగలేదు.

ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని వేల మంది అడిగారు. ఆయన పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదనీ, వచ్చినవాళ్లు కరువు పోగానే వెనక్కి పోకూడదనీ. 1878లో సాయం డబ్బు అయిపోయిందని, ఇక ఇవ్వడానికేమీ లేదని తేల్చి చెప్పాక కూడా వాళ్లు వచ్చారు. మాకు సాయం వద్దు, బాప్తిస్మం కావాలన్నారు. జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది. అంతమందికి ఒక్కరోజులో ఎలా సాధ్యమని ఇప్పటికీ అడుగుతారు. ఆరుగురు బోధకులు, ఒకేసారి ఇద్దరు నీళ్లలో, అలసినవాళ్ల స్థానంలో మరో ఇద్దరు, మధ్యాహ్నం విరామం తీసేస్తే సుమారు తొమ్మిది గంటలు. ఇద్దరూ ఒకేసారి ఇస్తున్నారు కాబట్టి ఒక్కొక్కరి వంతు 1,111 మంది. భాగించి చూడండి, మనిషికి అర నిమిషం వస్తుంది. ఎవరు ఏ ఊరివాళ్లో, ఏమి నమ్మారో ముందే విచారించారు కాబట్టి నీళ్లలో ఆలస్యం లేదు.

ఇదంతా జూబిలీల్లో చెబుతారు. క్లౌ ఫోటోకు దండ వేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే. ఆ నదిలో దిగినవాళ్ల సంగతి, వాళ్లకు ముందే దారి వేసినవాళ్ల సంగతి ఎవరు చెబుతారు?

ఎర్రగుంట్ల పేరయ్య, తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ల పని చేసేవాడు. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. విశ్వాసులయిన మాదిగలకు మూడు నియమాలు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి తేలికే. కానీ లెక్క వేయండి. మాదిగ ఇల్లు రైతుకు చెప్పులు కుట్టాలి, బావి నీళ్లు తోడే కపిలకు తోలు పనీ చేయాలి, జాతరలో డప్పు కొట్టాలి. అందుకు కూలిగా కళ్లంలో పంటలో కొంత వాటా, మేర గింజలు. జాతరలో డప్పు కొట్టనంటే ఆ గింజలకు ఎసరు. కోత రోజుల్లో ఆదివారం రానంటే పని పోతుంది. గొడ్డు మాంసం వదిలితే కరువు నెలల్లో ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. పెద్దకులాలవాళ్లు క్లౌ దగ్గరకు వచ్చి, మాదిగలను చేర్చుకుంటే మేము రాము అన్నారు. ఆయనా, ఆయన భార్యా వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ మొదటి అధ్యాయమే వచ్చిందట: లోకంలో ఎన్నిక లేనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట. క్లౌకు పోయింది పెద్దకులాల ఆదరణ, పేరయ్య పణంగా పెట్టింది తిండిగింజలు. ఇద్దరినీ ఒకే త్రాసులో వేయొద్దు.

గోపురం కట్టేవాడు ముందు కూర్చుని తగులుబడి లెక్క, అంటే ఎంత ఖర్చవుతుందో, చూసుకోడా అని ప్రభువే అడిగాడు. మరి మనమేం చేస్తున్నాం? వడ్డీకి తెచ్చి మందిరం గోడ లేపడాన్ని, షుగరు మాత్రలు మానేయడాన్ని విశ్వాసపు అడుగు అంటున్నాం. దయచేసి ఆ మాట అలా వాడొద్దు. పేరయ్య ఏం పోతుందో తెలిసి దిగాడు.

పాస్టర్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. రేపు మీ దగ్గరకు ఓ మాదిగ కుర్రాడో, మాల కుర్రాడో బాప్తిస్మానికి వస్తాడు. ఎస్సీలెవరో చెప్పే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా మూలంగా అతనికి ఎస్సీ హోదా పోతుంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తీశారు, మనకు తీయలేదు. మన రాష్ట్రాల్లో బీసీ-సీలోకి, అంటే క్రైస్తవులైన ఎస్సీలకు బీసీల్లో పెట్టిన గుంపులోకి, పోతాడు, ఒక్క శాతం రిజర్వేషను. ఎస్సీ కోటా ఉద్యోగం, రిజర్వుడు సీటు, అట్రాసిటీ చట్టం, అన్నీ ఆ ఎస్సీ కులపత్రంతో ముడిపడినవే. ఆ సంగతి అతనికి ఎవరు చెప్పారు? ఆల్తారు దగ్గర చేయి ఎత్తించే ముందు వాళ్లింటికి వెళ్లండి. తల్లిదండ్రులను కూర్చోబెట్టండి. ఏమేం పోతాయో ఒక్కటీ దాచకుండా చెప్పండి. చదువు ఫీజుకు సంఘం ఎంత ఇవ్వగలదో, ఎన్నేళ్లు ఇవ్వగలదో అంకె చెప్పండి, సంఘం పుస్తకంలో రాయండి. ఆలోచించుకోవడానికి గడువివ్వండి. అంతా విన్నాక కూడా వస్తానంటే, నీళ్లలోకి మీరే చేయి పట్టుకుని దించండి.

వందనాలు.